మూడోసారి పిలిచినప్పుడు

చిత్తూరు కోర్టు వరండాలో
నా గొంతే నా ఉద్యోగం.
ఇరవై రెండేండ్లుగా పేర్లు పిలస్తా ఉండా.
ఎంత పెద్దోడి పేరైనా మూడుసార్లే,
ఎంత చిన్నోడి పేరైనా మూడుసార్లే.
గారూ లేదు, ఒరే లేదు.

మా నాయన్ని ఊర్లో అందరూ ‘ఒరే ఎంకటిగా’ అనేవాళ్లు.
గట్టు తగాదాలో సాక్ష్యానికి రమ్మంటే
నన్నూ వెంటబెట్టుకోని వచ్చినాడు.
ఇదే వరండాలో, నాకు ముందున్న బంట్రోతు
‘గుండ్లూరి వెంకటాద్రీ’ అని కేకేసినాడు.
నాయన వెనక్కి తిరిగి చూసినాడు,
ఎవురో పెద్దాయన వస్తా ఉండాడేమోనని.

ఆ జూన్ నెలలో
మామిడి లారీలు రోడ్డు పొడుగునా నిలబడి
ఊరంతా తోతాపురి వాసన.
చెప్పుల్లేకుండా ఒకామె వచ్చింది,
మానికల మునెమ్మ, యానాదులామె.
తోటలో మోటారు పోయిందంట.
కాపలా ఉండిన మొగుణ్ని ఆదివారం జీపెక్కించినారంట.
సోమవారం స్టేషన్‌కు పోతే
‘ఆ పేరుగలోడు ఈడ లేడు, పో.’
మంగళవారమూ లేడు.
బుధవారం
లోపల్నించి దగ్గు వినబడింది.
‘ఆ దగ్గు మా ఆయనదే సామీ’ అనింది.

దగ్గును ఏ సెక్షను కింద సాక్ష్యమంటారో నాకు తెలీదు.
ఉచిత న్యాయసేవల గదిలోని లాయరమ్మ షాహీన
పిటిషన్లో దగ్గును కూడా రాసింది,
నాలుగో పేరాలో.

మేజిస్ట్రేటమ్మ చదివింది.
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివింది.
మనిషిని వెతకమని వారంటు రాసింది.
యాడ వెతకాల?
పోలీసు స్టేషన్లో.

పోయినేడే నల్లకోటు కుట్టించుకున్న కుర్ర వకీల్ని
కమిషనరుగా వేసినారు.
స్కూటరు వెనకాల నేను.
అతని చేతిలో ఒక్క కాయితం, దానిమీద గుండ్రటి ముద్ర.
వకీలు సెంట్రీ తుపాకి చూసినాడు.
సెంట్రీ మా ముద్ర చూసినాడు.
ఎవరి గుండె ఎక్కువ కొట్టుకునిందో చెప్పలేను.
సెంట్రీ పక్కకు జరిగినాడు.

రిజిస్టర్లో ఆ పేరు లేదు.
లాకప్పులో ఎవురూ లేరు.
వెనకాల పాత సామాన్ల గదిలో,
పట్టుబడిన సారా క్యాన్ల మధ్య,
ఎవురో దగ్గినారు.

సాయంత్రం నా వంతొచ్చింది.
‘మానికల చెంచయ్యా!’
ఎదురుగానే ఉండాడు. పలకలేదు.
‘మానికల చెంచయ్యా!’
నేల చూస్తా ఉండాడు.
లేడు లేడని నాలుగు దినాలు చెప్పించుకున్న మనిషి,
ఉండానని నమ్మడానికి టైము పడతాది.
మూడోసారి పిలిచినప్పుడు
మునెమ్మ భుజం తట్టింది.
లేచినాడు, గోడ పట్టుకోని.

‘నిన్నెవరైనా కొట్టినారా?’ అని అడిగింది మేజిస్ట్రేటమ్మ.
అతను ఎస్సై వైపు చూసినాడు.
ఆమె కూడా చూసింది.
‘మీరు బయటుండండి.’
తలుపు మూసినాక మళ్లీ అదే ప్రశ్న, ఈసారి మెల్లగా.
మాటల్లేవు.
అరికాళ్లు చూపించినాడు.
ఆమె కుర్చీలోంచి లేచి, బల్ల దాటి వచ్చి, వంగి చూసింది.
నా సర్వీసులో అట్లా లేచిన జడ్జీని చూళ్లేదు.
‘రాసుకోండి’ అనింది స్టెనోతో.
వెంటనే ‘వద్దు, నేనే రాస్తా’ అనింది.
ఫ్యాను చప్పుడు కంటే
పెన్ను చప్పుడే పెద్దగా వినబడింది.

గెలిచినాడని చెప్పను.
మోటారు కేసు ఇంకా నడస్తానే ఉంది.
ఎస్సైకి బదిలీ అయింది, అంతే.
వాయిదా వాయిదాకీ బస్సు చార్జీ, ఒక పూట కూలీ.
సాక్షులు రారు.
వాళ్ల పేర్లూ మూడుసార్లే పిలస్తా,
ఖాళీ వరండాలోకి.

మొన్న వాయిదాకు
నా మొదటి పిలుపు ఇంకా పూర్తి కాలేదు,
‘ఉండా సామీ!’ అని పలికినాడు చెంచయ్య.
ప్లీడర్లంతా తిరిగి చూసినారు.
కొత్త జడ్జీ విసుక్కున్నాడు,
అంత గట్టిగా అరవాల్నా అని.

నేను గొంతు సవరించుకోని
తర్వాతి పేరు
ఇంకొంచెం గట్టిగా పిలిచినా.