రెండు మోతల పెద్దరికం

పీటర్‌బరోలో రెండ్రోజుల శిక్షణ.
కంపెనీ ఖర్చుతో శాండ్‌విచ్చులు, మెడలో పేరు చీటీ.
తెర మీద బాణాలు, గడులు, ఒక పిరమిడ్.
కొందరు పుట్టుకతోనే నాయకులని ఒక సిద్ధాంతం.
కాదు, సందర్భమే నాయకుణ్ణి కంటుందని ఇంకొకటి.
సేవ చేసేవాడే నాయకుడని మూడోది.
అది చెప్పినాయన
తాను తాగిన కప్పు బల్ల మీదే వదిలి వెళ్ళాడు.
నేను కడిగాను.
నోట్సులో మాత్రం రాసుకోలేదు.

సోమవారం మళ్ళీ స్పాల్డింగ్, క్యాబేజీల షెడ్డు.
లోపల నాలుగు డిగ్రీలు.
మొన్నటిదాకా నాది తెల్ల టోపీ, ఇప్పుడు ఆకుపచ్చది.
రంగు మారిన రోజు నుంచే
డైవా నా దగ్గర మొగుడి మీద జోకులు మానేసింది.

నాకు ముందున్న డెస్మండ్ గొంతుతోనే బెల్టు నడిపేవాడు.
నిమిషానికి నలభై రెండు క్యాబేజీలు,
వారానికొకరు ఏడుస్తూ ఇంటికి.
నేను అరవను కదా, అడిగాను:
"ఎంత వేగం పెడదాం?"
పదకొండుమంది పదకొండు అంకెలు చెప్పారు.
ఆ పూట ముప్పై నాలుగు.
పై ఆఫీసు నుంచి ఫోను.

మంగళవారం రాత్రి, ఊరి చర్చి గంటల గది.
ఆ దేవుడికీ నాకూ పెద్దగా పరిచయం లేదు.
యాభై మూడు మెట్లెక్కితే
మ్యూరియల్ చేసిన అల్లం బిస్కెట్లుంటాయి,
అరచేతుల్లో తాడు వేడి ఉంటుంది, అందుకు వెళ్తాను.
ఆరు గంటలు, ఆరుగురం, గుండ్రంగా.
ఇక్కడ రాగం లేదు, వరస ఉంది.
మోగిన వరస మళ్ళీ మోగకూడదు.
ముందుకొచ్చిన గంట రెండే రెండు మోతలు మోగి
ఒక్కో చోటే వెనక్కి జరగాలి,
ఇంకో గంటకి దారి విడుస్తూ.
ముందుండడాన్ని వీళ్ళూ లీడ్ అనే అంటారు.
పిరమిడ్ గీసినాయన ఈ మెట్లెక్కి ఉండడు.

ఆ రాత్రి నా గంట ముందుకొచ్చింది.
ఒకటి. రెండు.
మూడోదీ కొట్టేశాను.
వంటింటి అటక కూలి
గిన్నెలన్నీ నేల మీద పడ్డట్టు మోత.
"స్టాండ్" అంది మ్యూరియల్.
తాళ్ళు ఆగాయి. తిడుతుందనుకున్నాను.
కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"ముందు బాగానే ఉంటుందమ్మాయ్, నాకూ తెలుసు" అంది.

మన భాషలో గంటంటే కంచూ, కాలమూ.
బుధవారం ఆ ధైర్యంతోనే
స్పీడు బటన్ ఒక గంట డైవా చేతికిచ్చాను.
ముప్పై తొమ్మిది పెట్టింది. ఎవరూ మాట్లాడలేదు.
చేతులు మాత్రం మాట్లాడుకున్నాయి,
కత్తి నుంచి పెట్టెకి, పెట్టె నుంచి కత్తికి.
రెండో గంట రుయీని రమ్మన్నాను.
చేతి తొడుగు తీయకుండానే అన్నాడు:
"ఆ పనికి జీతం నీకిస్తున్నారు. నాకు కాదు."
రెండ్రోజుల శిక్షణ కాగితాలన్నీ తిరగేశాను.
అతనికి జవాబు లేదు.
నాకూ లేదు.

అందరూ అందలమెక్కితే మోసేదెవరని సామెత.
ఎక్కినవాళ్ళు దిగేదెప్పుడని
మోసేవాళ్ళు అడిగారో లేదో,
ఆ ముక్క సామెతలో మిగల్లేదు.

గిల్బర్ట్‌ది ఆరో గంట. ఏడొందల కిలోల కంచు.
కాలవల పూడిక తీసీ తీసీ రిటైరైన మనిషి.
వరస ఎన్నిసార్లు తిరగబడ్డా అతనిది ఆఖరి మోతే.
మేం తడబడితే చెవులు వెతుక్కునేది దాన్నే.
"ఒక్కసారైనా ముందు మోగించాలనిపించదా?" అడిగాను.
"చిన్న తాళ్ళకి వంగాలి. నా నడుము ఒప్పుకోదు"
అని బిస్కెట్ అందుకున్నాడు.

కంపెనీ ఫారం నా సంచిలోనే ఉంది:
మీ నాయకత్వ శైలి ఏది? ఒక గడిలో టిక్కు పెట్టండి.
శుక్రవారం గడువు.

మెట్లు దిగుతాం.
గిల్బర్ట్ దీపాలార్పి ఆఖర్న వస్తాడు.
అతని టార్చి
మా భుజాల మీంచి జారి
మా కాళ్ళకి ఒక మెట్టు ముందు పడుతుంది.