వేడెక్కితే గానీ

ల్యాబు బండి ఇది. పద్నాలుగేళ్ళది.
వెనక సీటు పీకేసి
నీళ్ళ సీసాల పెట్టె, అమ్మోనియా కిట్టు, చిన్న వల సర్దుకున్నాను.
"ఆటోమేటిక్ ఎందుకమ్మాయ్, అల్లూరు గుంటల మధ్య?"
అడగనోడు పాపాత్ముడు.
నా ఎడమ మోకాలు క్లచ్చి తొక్కనన్నదని
ఎంతమందికని చెప్పను?

దామవరం దాటాక మొదలవుతుంది.
ఒక్క తన్ను.
మెడ మీద చెయ్యేసి ఎవరో నెట్టినట్టు.
ఇంకంతే, మూడో గేరులో బిగుసుకుపోతుంది.
ఇంజను అరుస్తుంది, చక్రాలు వినవు.
పాలవ్యాను దాటిపోతుంది.
వడ్ల లారీ దాటిపోతుంది.
ఆఖరికి ఒక టీవీఎస్,
దాని మీద ఇద్దరూ, ఇద్దరి మధ్య ఒక మేకపిల్లా.
మేకపిల్ల వెనక్కి తిరిగి చూసింది కూడా.

పక్కకి ఆపి అరగంట కూర్చుంటే
ఏమీ ఎరగనట్టు మళ్ళీ మెత్తగా కదులుతుంది.

కావలి, ఉదయగిరి రోడ్డు, సందానీ షెడ్డు.
మూడు సార్లు తీసుకుపోయాను.
మూడు సార్లూ బుద్ధిమంతురాలే.
ముసునూరు దాకా తోలుకొచ్చి
తాళాలు నా చేతిలో పెట్టి "బంగారం మేడమ్" అన్నాడు.
కోడ్ చూస్తే సోలెనాయిడ్ అంటుంది,
మీటరు పెడితే బాగానే ఉన్నానంటుంది.
నెల్లూరు వాళ్ళయితే
గేరుబాక్సే మార్చాల, లక్షా ఎనభై అన్నారు.
లక్షా ఎనభై!
బండినే అంతకి కొన్లేదు నేను.

నాలుగోసారి,
ఆయిలు కారే బండి కింద సందానీ, పైన నేను.
అతనికి కనపడేది నా చెప్పులే.
ఆ చెప్పులతోనే చెప్పాను:
మిట్టమధ్యాహ్నం సీసాలో నీళ్ళు తెస్తారు సందానీ, రైతులు.
ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. బాగుందని రాసిస్తాను.
తెల్లారుజామున మూడింటికి
రొయ్యలన్నీ గట్టుకొచ్చి మూతులు పైకెత్తుతాయి.
నీళ్ళు అబద్ధమాడలేదు.
నేనే అడగరాని వేళలో అడిగాను.

కాసేపు చప్పుడు లేదు.
తర్వాత స్పానరు కింద పడిన చప్పుడు.

ఎదురుగా చెంగమ్మ బజ్జీల కొట్టు.
"నా బాణలి జోలికొస్తే మర్యాద దక్కదబ్బయా" అంటూనే
సొట్టలు పడ్డ సత్తు గిన్నె ఒకటి విసిరింది.
అందులో ఎర్రటి గేరు నూనె,
నూనెలో తీగకి వేలాడుతూ బొటనవేలంత సోలెనాయిడ్,
పక్కన నా ల్యాబు థర్మామీటరు.
పొయ్యి చుట్టూ ఆరుగురం,
బజ్జీల కోసం వచ్చినవాళ్ళతో కలిపి.

చల్లగా ఉన్నప్పుడు పదమూడు ఓములు.
అరవై డిగ్రీలకి పద్నాలుగున్నర.
ఎనభైకి పదిహేనున్నర.
"ఇంకా బాగానే ఉందే" అన్నాడు మిరపకాయ బజ్జీ అతను,
తనదే బండి అన్నట్టు.
తొంభై నాలుగు.
మీటరులో అంకె ఆరిపోయింది.

బయటికి తీసి ఊదితే
మళ్ళీ పదమూడు. అమాయకంగా.
లోపల ఎక్కడో వెంట్రుకంత తీగ
వేడికి సాగి విడిపోతోంది,
చల్లారి అతుక్కుంటోంది.
"మా ఆయనా ఇంతే," అంది చెంగమ్మ,
"డాక్టరు ముందు దగ్గడు."

కొత్తది చెన్నై నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది.
నాలుగువేల రెండొందలు, నూనె ఖర్చు వేరే.
కూలి అడిగితే సందానీ
"ఆ నీళ్ళ సంగతి చెప్పారుగా" అని సగమే తీసుకున్నాడు.

ఇప్పుడు దామవరం దగ్గర
బండి తన్నదు.
నా వీపే ముందుగా బిగుసుకుంటోంది, రాని తన్ను కోసం.

ఇసకపల్లి నుంచి పెంచలరెడ్డి ఫోను:
"నీళ్ళు పట్టుకు రమ్మంటావా అమ్మా?"
వద్దు. మూడింటికి నేనే వస్తా, లైటు పెట్టుకో.

రివర్సు మాత్రం
ఒక లెక్క ఆలస్యంగా పడుతోంది.
అది సందానీకి ఇంకా చెప్పలేదు.