లోకల్

సాయంత్రం ఐదుకల్లా జాబితా కావాలన్నాడు ప్రిన్సిపాలు.
ల్యాబులో ముప్పై రెండు కంప్యూటర్లు,
ఒక్కోదాని అడ్రసు, మాస్కు, గేట్‌వే,
పేర్లు వెతికిపెట్టే సర్వరు.
అన్నిటి ముందరా వంగి రాసుకుంటే
నా నడుము ఏమి కావాల?

అందుకే ఒక పేజీ రాసినా.
బ్రౌజర్లో తెరిస్తే చాలు,
లోపల నా స్క్రిప్టు మెల్లిగా అడుగుతాది:
నీ నంబరేమి నాయనా, నీ దావ యాటికి?

మూలనున్న పాత మిషను
పైన ఒక పసుపు పట్టీ చూపించి
సరేనా అనె.
సరే అనంగానే అంతా కక్కేసింది.
కార్డు పేరు, పుట్టుకతో వచ్చిన నంబరు,
అడ్రసుకు గడువెప్పుడు తీరుతుందో కూడా.
బస్సులో పక్కసీటాయన మాదిరి,
ఆలూరు దాటకముందే
ఆస్తి, అప్పు, అల్లుని తాగుడు.

కొత్తవాటికి నోరు పెగల్లేదు.
బ్రౌజరు వాకిలికి అడ్డం నిలబడి
ముప్పై ఆరు అక్షరాల పిచ్చిపేరొకటి అల్లి
చివర చుక్కపెట్టి లోకల్ అనింది.
మళ్లీ అడిగితే ఇంకో పేరు.
చివర మళ్లీ లోకల్.
తిమ్మనచర్లలో టికెట్ లేకుండా దొరికినోడు
టీసీకి చెప్పినట్టు:
ఏ ఊరు రా?
లోకలే సార్.

మొదట కోపమొచ్చింది.
తర్వాత నవ్వొచ్చింది.
నిన్న ఫోన్లో ఎవుడో ఓటీపీ అడిగితే
ఇంట్లో పెద్దోళ్లు లేరని చెప్పినా గదా,
నలభై మూడేండ్ల దాన్ని.

ఇంక నడుమే గతి.
రిజిస్టరు చంకన పెట్టుకొని
ఒక్కోదాంట్లో నల్లకిటికీ తెరిచి
కమాండు కొట్టి రాసుకుంటా పోయినా.
గేట్‌వే అన్నిటికీ ఒకటే,
మా గుంతకల్లు జంక్షను మాదిరి.
యాడికి పోవాలన్నా ఈడ దిగాల్సిందే.

పంతొమ్మిదోదానికి మాత్రం
గేట్‌వే గడి ఖాళీ.
అడ్రసు నూట అరవై తొమ్మిదితో మొదలు.
బల్లకింద తొంగిచూస్తే
ఎలక సగం కొరికిన వైరు,
మినుకు మినుకుమంటా ఒక లైటు.
నంబరియ్యండని అడిగి అడిగి,
ఎవురూ పలకకపోతే
తనకు తానే ఒకటి పెట్టుకొని కూసుంది.

కసువూడుస్తా వచ్చిన తిప్పక్క
చీపురు ఆపి నిలబడింది.
ఐదేండ్లప్పుడు రెండో ప్లాట్‌ఫారం మీద
ఎవురో దించి పోయిన మనిషి.
బ్యాంకులో ఇంటిపేరేమంటే
కొంచెంసేపు ఆలోచన చేసి
గుంతకల్లు అని రాయించుకునింది.
ఇప్పుడది
ఆమె మనవడి పదో తరగతి మార్కుల కాగితం మీద ఉంది.

"వైరు లేకుంటే ఇది ఎవురితో పలకతాది మేడమ్?"
"నంబరు దొరకనివి ఇంకో రెండుంటే
వాటితో పలకతాదంట."
"ఆఁ" అనింది.
వైరు తుంపులు చేటలోకి ఎత్తింది.

ఐదు దాటిపోయింది.
ముప్పై ఒకటీ పెన్నుతో రాసి
పంతొమ్మిదిని పెన్సిల్‌తో రాసినా.
రేపు వైరు మారిస్తే
అది మళ్లీ అందరి మాదిరే అవుతాది.