సిబ్బుల వీధికి సున్నం

ఆ ఎర్ర గీతలు నావే.
బోర్డులు రాసుకునే చేతికి
మున్సిపాలిటీ వాళ్ళు డబ్బా, బ్రష్షూ ఇచ్చి
గోడకి నలభై అన్నారు.
ఒక్క పూటలో ఎనభై మూడు గోడలు.
గుమ్మం పక్కన అంకె, అంకె కింద బాణం,
బాణం ఎంత లోపలికి చూపిస్తే అంత ఇల్లు పోతుంది.
కొన్నిచోట్ల అది పెరటి నూతి దాకా వెళ్ళింది.

ఇరవై ఏడో నంబరు వేస్తుంటే
కంచరి బంగారమ్మ మంచినీళ్ళిచ్చింది.
తాగి, గ్లాసు తిరిగిచ్చి, గీత గీసేను.
ఆ ఇత్తడి గ్లాసు చల్లదనం
ఇప్పటికీ పళ్ళకి తగులుతూనే ఉంది.

తర్వాతదంతా నా కొట్టు అరుగు మీంచే చూసేను.
సోమవారం సోమవారం కలెక్టరాఫీసుకి
ఒకే ఆటోలో తొమ్మిదిమంది.
బంగారమ్మ సంచిలో తాతలనాటి ఇంటిపన్ను రసీదులు,
చెదలు తిన్నచోట వేలు పెట్టి
చదివి వినిపించేది మదీనా బీ.
లైన్‌మన్‌గా రిటైరైన సూరపునాయుడు
రాత్రిళ్ళు టేపు పట్టుకుని వీధంతా కొలిచి
"కాయితంలో ఈది ఏరు, మన ఈది ఏరు" అని తేల్చేడు.
టేపు రెండో కొస పట్టుకున్నది
పదో తరగతి తప్పిన ఎర్రయ్య.
అంతకుముందు వాణ్ణి ఎవరూ ఏ పనికీ పిలవలేదు.

యాభై రెండు సోమవారాలు.
"అర్జీ అందినది" అన్న ముద్ర యాభై రెండుసార్లు.
పోరాటమంటే జెండాలనుకున్నాను.
జిరాక్సు డబ్బులకి
ఇంట్లో సిబ్బి అమ్ముకోవడమని తెలీదు.

మిషను వచ్చిన తెల్లారి
ఎవరూ అడ్డంగా పడుకోలేదు.
కొలుములు రాజేసేరు.
మూడేళ్ళుగా మూగబోయిన వాటితో సహా
ఇంటింటా సుత్తులు లేచేయి.
డ్రైవరు కుర్రాడు హారను కొడితే
వాడి హారను వాడికే వినపడలేదు.
మూల మీది ముప్ఫై ఎనిమిది మాత్రం
ముందురోజే కూలింది.
ఆ ఇంటి సింహాద్రి ఇటుకల మధ్య కూచుని
పెద్ద మూకుడొకటి ఒళ్ళో పెట్టుకుని
కొడుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం స్టే వచ్చింది.
అందులో సూరపునాయుడి కొలతలున్నాయి.
ఆయన మాఘంలోనే పోయేడు.

మొన్న వీధి వాళ్ళు కబురంపేరు,
చలవరాతి మీద పేర్లు రాయాలట.
ఇస్త్రీ చొక్కా వేసుకు వెళ్ళేను.
బంగారమ్మ అంది:
"పేర్లకేటి తొందర బావూ,
నువ్వు గీసినవి ముందు నువ్వే తుడువు."

సున్నం బకెట్టుతో మూడ్రోజులు.
రెండు పూతలకీ ఎరుపు పైకి తేలింది,
మూడోది వేసేను.
ప్రతి గుమ్మంలోనూ నీళ్ళిచ్చేరు.
వద్దనే మొహం లేక ప్రతిచోటా తాగేను.

ముప్ఫై ఎనిమిది దగ్గర గోడ లేదు.
మోకాలెత్తు మొండి ముక్క, దాని మీద నా బాణం.
బ్రష్షు ముంచేను.
"దాన్నొగ్గీ" అన్నాడు సింహాద్రి,
"మా గుమ్మం అక్కడే ఉండీది."

చలవరాయి ఇంకా నా కొట్లోనే ఉంది.
రోజూ సాయంత్రం ఎర్రయ్య వచ్చి
సైకిలు దిగకుండానే అడుగుతాడు,
నా పేరు ఎన్నో వరసలో అని.