లేనుత

మా నాయన పట్టుబట్టి పెట్టిన పేరు, రేణుక.
ఇలవేల్పు పేరు, కాదనలేకపోయినాము.
ఆ పేరు మోసే నోటికి
మొదటక్షరమూ రాదు, చివరక్షరమూ రాదు.
మూడున్నరేండ్లు.
"నీ పేరేమి పాపా?" అంటే
గెడ్డం పైకెత్తి చెప్తుంది:
"లేనుత."

నగరిలో, మా వీధిలో,
పొద్దున ఆరు దాటితే
మరమగ్గాలు మాట్లాడేదే మాట.
టకటక టకటక.
దాని చెవికి ఎట్లా వినపడుతుందో గానీ
నోట్లోంచి మాత్రం "తతతత" అని వస్తుంది.

"మగ్గం రొదలో పెరిగింది,
చెవి మొద్దుబారిందేమో" అని
ఎదురింటి వళ్ళెమ్మ అన్న రోజు
నా పెండ్లాము అన్నం తినలేదు.

తిరుపతి బస్సెక్కినాము.
ఆసుపత్రిలో ఒకామె
దాని చెవులకు డబ్బాల్లాంటివి తగిలించి
చప్పుడు వినపడితే గిన్నెలో గోలీ వేయమనింది.
వేసింది. ఒక్కటీ తప్పలేదు.
"చెవులు బంగారం" అనిందామె.
"క గొంతు కాడ పుడుతుంది,
నాలుక అంత వెనక్కి పోను జంకుతాంది.
పండ్ల దగ్గరికి తెచ్చి పలుకుతాంది, అంతే.
ర ఇంకా ఆలస్యం, తొందరపెట్టొద్దు.
ఒకటి చూడండి, ఇష్టమొచ్చినట్టు తప్పడం లేదు.
ప్రతి క ఒకే దారిన పోతాంది.
దీనికో లెక్కుంది."

లెక్కంటే నాకు తెలుసు.
నేతలో ఒక పోగు తెగితే అది తప్పు.
ప్రతి అంగుళానికీ అదే చోట అదే పోగు లేస్తే
అది డిజైను.

తిరిగొచ్చేటప్పుడు పుత్తూరు కాడ
ప్రహరీ మీద కనపడింది.
"తోతి!" అని అరిచింది.
ముచ్చటేసి నేనూ "అవునమ్మా, తోతి" అన్నాను.
దానికి కోపమొచ్చింది.
"తోతి తాదు నానా, తోతి!"
"తోతే కదా?"
"తాదు! తోతి!"
బస్సులో సగం మంది నవ్వినారు.
నాకు నవ్వు రాలేదు.
దాని లోపల కోతి సరిగ్గానే ఉండాది,
తోకతో సహా.
బయటికి దూకే వాకిలే ఇరుకు.

ఆ రాత్రి ఇంట్లో అందరి మాటలూ విన్నాను.
మా నాయన బడిని ఇస్కూలంటాడు,
బ్రష్షును బొరుసంటాడు.
మా అమ్మ సుక్కురారం సుక్కురారం తలకు పోసుకుంటుంది.
వాళ్ళ అరవానికే గొప్పైన ఒక అక్షరం
వళ్ళెమ్మ నోట లకారమై జారిపోతుంది.
నేను ఫ్యానును పేనంటానని
నా పెండ్లాము ఇప్పుడు చెప్పింది,
ఆరేండ్ల కాపురం తర్వాత.
మమ్మల్నెవరూ తిరుపతికి తీసకపోలేదు.

దాని లెక్కలో కాకి, తాతి.
తాత, తాతే.
నలభై ఏండ్లు మగ్గం కాడ చెవులు పోగొట్టుకుని
ఇప్పుడు నోళ్ళు చూసి మాట వింటాడు మా నాయన.
వసారాలో నిలబడి అది కాకిని పిలిస్తే
మంచం మీదినుంచి "వస్తాండా తల్లీ" అంటాడు.
ఒక్కో రోజు ఇద్దరూ వస్తారు.
మురుకు విరిచి ఇద్దరికీ పెడుతుంది.

మొన్న మధ్యాన్నం కరెంటు పోయింది.
వీధి వీధంతా నోరు మూసుకుంది.
గడప మీద కూర్చుని అది,
గొంతులో ముల్లేదో దించుకుంటున్నట్టు,
"క్... క్..." అంటాంది.
తెగిన పోగు పట్టుకున్న చేయి
అట్లే పెట్టుకున్నా, కదల్లేదు.
"కా" అనింది.
"కాకి."

గోడ మీది కాకి తల కూడా తిప్పలేదు.
దీనికేమి? కొత్త సొమ్ము చేతికొచ్చింది,
ఇంట్లో అందరికీ పంచాల.
లోపలికి పరిగెత్తి, మంచం కాడ నిలబడి
"కాకా!" అనింది.

మా నాయన చూస్తానే ఉన్నాడు.
పండ్ల మీద నాలుక కనపడలేదు ఆయనకు.
గొంతులో పుట్టి గొంతులోనే దాక్కునే మాట
చూసేదెట్లా?
"కాకా!" మళ్ళీ అనింది.
ఆయన నా వైపు చూసినాడు.

అది కాసేపు ఆయన మొహాన్నే చూసి
నాలుకను మెల్లగా
పండ్ల దగ్గరికి తెచ్చుకుంది.

కరెంటొచ్చింది.
ఏమని పిలిచిందో నాకు వినపడలేదు.
ఆయన మాత్రం
లేచి కూర్చున్నాడు.