నానిందో లేదో

ఆకు సంగతి నాకు తెలుసు.
ఎండుమిరపకాయలతో నూరి, నూనె తేలుతూ,
ఇరవయ్యారేళ్లుగా నా కంచంలో ఓ పక్కన ఉంది.
ఆకు కింద ఒక కాడ ఉంటుందని
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మంగళవారం ఫోనొచ్చింది:
"గోగునార మీద ఎనిమిది వందల మాటలు.
శుక్రవారానికి. మాటకి అర్ధరూపాయి."
ముందువారం మోకాళ్ల నూనె మీద రాశాను,
అంతకు ముందు జాతిరాళ్ల మీద.
నాకు మోకాళ్ల నొప్పి లేదు, వేలికి ఉంగరమూ లేదు.
తెలియనిది తెలిసినట్టు చెప్పడమే నా కూలి.

మూడు లాంతర్ల దగ్గర మేడమీద గదిలో
ఫ్యాను కింద కూర్చుని వెతికాను.
పదిచోట్లా ఒకటే వాక్యం,
ఇరుగుపొరుగు పెళ్లిళ్లకి అరువు తిరిగే చీరలా.
"ప్రకృతి ఇచ్చిన బంగారు పోగు."
ఆ బంగారాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.
గోనెసంచి పుట్టుకతోనే సంచి అయినట్టు రాశారందరూ.

బుధవారం పొద్దున్నే చీపురుపల్లి బస్సెక్కాను.
"గోగా? ఇంకెవులేస్తన్నారు?" అన్నాడు టీకొట్టతను.
"అందరిదీ మొక్కజొన్నే.
గెడ్డవతల ఇజ్జాడ పారమ్మేస్తాది.
దారడక్కు. ముక్కు సెప్తాది."

ముక్కే చెప్పింది.
కుళ్లిన గుడ్డు కాదు, ఎండుచేప కాదు,
ముసురురోజుల్లో మూల మర్చిపోయిన తడిబట్ట,
ఒక ఊరంత బట్ట.
రాసుకుందామంటే
పెన్ను పట్టే చేత్తోనే ముక్కు మూసుకోవలసి వచ్చింది.

నల్లటి నీళ్లలో, నడుంలోతున పారమ్మ.
కట్టల మీది రాళ్లు పక్కకి దొర్లించి
ఒక కాడ తీసి, మొదలు విరిచి, ఒక్క లాగు.
పుల్ల తెల్లగా జారి నీళ్లలో పడింది,
నార ఆమె చేతిలో మిగిలింది.

"ఎన్ని రోజులు నానాలి?"
చదివొచ్చాను, పదిహేను నుంచి ఇరవై అని.
"రోజులేటి? దానికి కేలండరు తెలుస్తాదేటి?
ఎండ కాస్తే బేగి. ముసురట్టితే ఆలీసం.
తక్కువ నాన్తే బెరడొదల్దు.
ఎక్కువైతే నారే కుళ్లి నీలల్లో కలిసిపోద్ది.
మద్దిన ఒక పూటుంటాది.
ఆ పూట నువ్విక్కడుండాల."
"ఆ పూట ఎలా తెలుస్తుంది?"

మాట్లాడలేదు. చెప్పులిప్పమని సైగ చేసింది.
మోకాళ్లదాకా దిగాక
ఒక కాడ విరిచి నా వేళ్ల మధ్య పెట్టింది.
లాగాను. తెగింది.
ఇంకోటి. తెగింది.
మూడోది సగందాకా వచ్చి పీచుపీచుగా విడిపోయింది.
"నాన్లేదు" అంది.
కాడనో నన్నో తెలీలేదు.

మధ్యాహ్నం గట్టు మీద గంజన్నంలో సగం నాకు పెట్టింది.
"ఈ నెలంతా నా సేతికూడు ముట్టనంతాడు నా మనవడు"
అని నవ్వింది, పళ్లన్నీ చుట్టపొగ రంగు.
అన్నంలో ఆ వాసన ఉంది.
ఉల్లిపాయ కొరికి, తిన్నాను.
సాయంత్రం బస్సులో
నా పక్క సీటు ఊరు చేరేదాకా ఖాళీగానే ఉంది.

గురువారం రాత్రంతా రాశాను.
వాసనతో మొదలెట్టాను.
"మద్దిన ఒక పూట" దిద్దకుండా అలాగే ఉంచాను.

శుక్రవారం జవాబు:
"చాలా బాగుందండీ. ఆ వాసన ఒక్కటీ తీసెయ్యండి.
సంచుల్లో జనం కూరగాయలు పెట్టుకుంటారు."
తీసేశాను.
నూట పన్నెండు మాటలు తగ్గాయి.
ఆ గుంటలో బంగారు పోగు నింపాను.
నాలుగొందలూ పడ్డాయి. అద్దెకి కలిశాయి.

వచ్చేవారం దోమతెరల మీద.

తీసేసిన నూట పన్నెండూ
నోటుపుస్తకంలోనే ఉన్నాయి,
గెడ్డనీళ్లు తగిలి ఉబ్బిన కాగితాల్లో.
కిటికీ దగ్గర పెట్టి పైన ఒక రాయుంచాను.
ఎన్ని రోజులని ఎవర్నీ అడగడం లేదు.
దోమతెరల మధ్యలో లేచి వెళ్లి
ఒక వాక్యం మొదలు విరిచి, లాగి చూస్తున్నాను.

నిన్న కూడా చూశాను.
ఇంకా తెగుతోంది.