పైపులైను పని

పైపులైను పని అంటే
చమురనుకుంది మా రెడ్డెమ్మ.
రాయచోటిలో అందరికీ అట్లే చెప్పింది.
నేనూ కాదనలేదు.

సాల్మియా వీధి కింద ఆరు మీటర్ల లోతున
చీకటికి వేళలు తెలుసు.
తెల్లారకముందు వుజూ నీళ్లు పల్చగా వస్తాయి,
ఏడింటికి సబ్బు నురగ,
మధ్యాహ్నం మచ్బూస్ వండిన గిన్నెల జిడ్డు.
శుక్రవారం మాత్రం ఊరంతా ఆలస్యంగా లేస్తుంది.
మేడల పేర్లు చదవలేను గానీ
ఏ మేడ ఏం తిన్నదో చెప్పగలను.

పాత గొట్టానికి నలభై ఏళ్లు.
గ్యాసు కొరికి కొరికి దాని పైకప్పు
అటుకులా పెళుసుబారింది, వేలు తగిలితే రాలేది.
పంపు మొరాయించిన రాత్రి
ఎవరో గేటెత్తేవాళ్లు,
వాననీటి కాలువ గుండా అంతా సముద్రానికే.
పొద్దున తీరంలో గోధుమరంగు విసనకర్ర,
దాని అంచున వెల్లకిలా మెయ్ద్ చేపలు.

బూ నాసర్ అని ఒక ముసలాయన
వల మోకాళ్ల మీద పరుచుకొని
మా టోపీలకేసి చూసి ఉమ్మేవాడు.
వదిలేవాడూ మూసేవాడూ
ఒకే పసుపు చొక్కా తొడుక్కుంటే
ఎవర్ని తిట్టాలో ఆయనకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

పద్నాలుగు నెలలు.
పాత గొట్టం లోపలికి మెత్తని తొడుగు దించి
ఆవిరితో ఉడికించినాం.
పాము కుబుసం విడుస్తుంది,
ఇది లోపలి నుంచి తొడుక్కుంది.
ఆవిరి దగ్గర ఓబులేసు,
గ్యాసు మీటరుతో షఫీకుల్:
అది కూస్తే పైకి,
కూయకపోతే ఇంకో గంట.

చివర్న కాలువ నోట్లో కాంక్రీటు పోసినాం.
ఎవరూ పేరు రాయలేదు. రాసేంత తీరికా లేదు.

ప్రతి మంగళవారం ఒకమ్మాయి వచ్చి
సీసాల్లో సముద్రం పట్టుకుపోయేది.
మాతో మాట్లాడేది కాదు.
ఒక మంగళవారం
ముక్కు మీది గుడ్డ కిందికి లాగి
కాసేపు అట్లే నిలబడింది.
మాకదే రిపోర్టు.

'ఈదరాదు' బోర్డు పీకి పారేయమన్నారు.
ఓబులేసు పారేయలేదు, క్యాంపుకు మోసుకొచ్చి
బూడిదేసి తోమినాడు.
ఉల్లిపాయలు తరగడానికి పనికొచ్చింది.

నిన్న బూ నాసర్ ఎటో చూస్తూ
మా బకెట్లో నాలుగు చేపలు పడేసి పోయినాడు.
ఆ బోర్డు మీదే,
ఎర్రగీత కొట్టిన ఈతగాడి బొమ్మ మీదే
పొలుసు గీకినాం.
మొదటి ముద్ద ఎవరు తినాలని
కొంచెంసేపు ఒకరినొకరం చూసుకున్నాం.

రాత్రి ఫోనులో రెడ్డెమ్మ అడిగింది:
'ఏం కూర?'
'చేపల పులుసు.'
'యాడివి చేపలు?'

మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది.